కరుణ గిన్నె

నా పేరు మరియమ్మ. డెబ్భై దాటాయి. భీమవరం పక్క ఊరు. ఇంట్లో నేనూ, చెవిటిదైన మన కూతురు కరుణా. నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది మావా. నువ్వు చదవవని తెలుసు. అయినా రేపు లేబర్ ఆఫీసులో చెప్పబోయేది ముందు నీకే చెప్పాలని పక్కింటి టీచరు గారితో రాయిస్తున్నాను.

రొయ్యల షెడ్డులో కరుణ ఒలిచినవన్నీ నా గిన్నెలో పోసి, నా పేరునే తూకం వేయించేదాన్ని కదా. "దాని కష్టం దాని పేరునే తూయించవే" అని నువ్వు పోట్లాడేవాడివి. "మూగదానికి వేరే తూకం ఏంటి?" అనేవాడు మేస్త్రి. నేను వాడి మాటే విన్నాను.

నిన్న లేబర్ ఆఫీసరు గారు షెడ్డుకొచ్చి కరుణను చూపించారు. "ఈవిడ కూలీయేనా అమ్మా? చెవుడున్నా సరే, పనికి అందరితో సమానంగా కూలి ఇవ్వాలి. చట్టం ఉంది" అన్నారు. మేస్త్రి నా వైపు చూశాడు.

"కాదండి. కాలక్షేపానికి నా వెంట వస్తుందండి" అనేశాను. ఊరంతా భయపడే నోరు మావా నాది!

కరుణ నా పెదాలు చూసి అర్థం చేసుకుంది. ఏడవలేదు. ఐసులో నాని పాలిపోయిన చేతులతో తన గిన్నె తనే మోసుకెళ్ళి కాటా మీద పెట్టి నిలబడింది. నేను తలెత్తలేకపోయాను.

టీచరు గారూ, గట్టిగా రాయండి. నేను అబద్ధమాడాను. కరుణ కూలీయే. నాకన్నా ఎక్కువ ఒలుస్తుంది.

ఇది నా వేలిముద్ర.

సాక్షులు: సువార్త టీచరు. కరుణ, సొంత సంతకం. నా వైపు చూడకుండానే పెట్టింది మావా.