దారం కట్టిన గ్లాసు

జూన్ 3

ఆరు గ్లాసులూ పగలకుండా వచ్చాయి. దోహా నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి బస్సులో రాజోలు, రాజోలు నుంచి ఆటోలో సఖినేటిపల్లి. ఒక్కోదాన్నీ ఒక్కో నైటీలో చుట్టాను. అక్కడ నేను పనిచేసే హోటల్ బార్‌లో పాత స్టాకు తీసేస్తుంటే మేనేజర్ని అడిగి తెచ్చుకున్న వైన్ గ్లాసులు. మా అత్తయ్యగారు సత్యనారాయణమ్మగారు ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి, కాడ ఇంత పొడుగెందుకే ఉమా, పువ్వులు పెట్టుకోడానికా అని అడిగారు. వీధిలో మాత్రం, కోడలు గ్లాసుల డిపార్ట్‌మెంట్‌లో చేస్తోందని చెబుతారు. బార్ అనరు.

సెలవు మూడు వారాలు. ఇరవై నాలుగున రిటర్న్ ఫ్లైట్, ఇంకో రెండేళ్ల కాంట్రాక్టు. నాకు వెళ్లాలని లేదు. పెళ్లయిన ఐదేళ్లలో మా ఆయన అయ్యప్పతో ఉన్నది మొత్తం కలిపితే ఏడు నెలలు. గోదారి గట్టున సూర్యారావుగారు తన కొబ్బరితోటలో రిసార్టు కట్టారు, బార్ లైసెన్సు కూడా వచ్చిందట. ఆ బార్ చూసుకునే ఉద్యోగం నాకిస్తే ఆగిపోతాను. ఎల్లుండి రమ్మన్నారు.

జూన్ 5

నా మొహంలా ఉంది. అంతా చెడింది.

గంటసేపు చెప్పాను. గ్లాసు పొట్ట వెడల్పుగా ఉంటే వైన్‌కి గాలి తగిలి వాసన విచ్చుకుంటుందని, మూతి దగ్గర సన్నబడితే ఆ వాసన బయటికి పోకుండా నిలుస్తుందని, అంచు పల్చగా ఉంటే నాలిక మీదికి నెమ్మదిగా జారుతుందని, కాడ పట్టుకుంటే చేతివేడి తగలదని. ఒకే సీసాలోంచి రెడ్ వైన్ స్టీలు గ్లాసులో, జ్యూస్ గ్లాసులో, నా గ్లాసులో పోశాను. సూర్యారావుగారు మూడూ వరసగా ఎత్తి, జానెడు పైనుంచి నోట్లో పోసుకున్నారు. మీసం మీద చుక్క పడలేదు. ఆయ్, మూడూ ఒకటే కదమ్మా, దీనికి ప్రత్యేకం గ్లాసులెందుకండీ, జ్యూస్ గ్లాసులు చాలండి, అవి పోసివ్వడానికి ఎవరైనా సరిపోతారు కదండీ అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. అందుకే ఇంకా మండింది.

జూన్ 6

వెళ్తానన్నా, ఉంటానన్నా అయ్యప్ప నీ ఇష్టమే అంటాడు. ఒక్కసారి ఉండిపోవే అంటే ఈ మనిషి సొమ్మేం పోయింది.

జూన్ 9, ఉదయం 7

దొరికింది.

అత్తయ్యగారు మజ్జిగ ఎత్తి తాగుతున్నారు. పక్కన అయ్యప్పా అంతే, గ్లాసు గాల్లో, తల వెనక్కి. చూస్తే నా గ్లాసూ గాల్లోనే ఉంది. ఒకరు తాగే గ్లాసుకి ఇంకొకరి మూతి తగలకూడదు, ఎంగిలి. అయ్యప్పకి ఈ పట్టింపు అందరికంటే ఎక్కువ, మంచినీళ్ల సీసా కూడా ఎత్తే తాగుతాడు. దోహాలో మూతి పెట్టి తాగడం అలవాటు కావడానికి నాకే వారం పట్టింది, ఇంటికి రాగానే మర్చిపోయాను. ఎత్తి తాగితే ముక్కు ఎక్కడుంటుంది? ఇంటి కప్పు వైపు. ఆ గ్లాసు చేసిందే ముక్కు లోపలికి దూరడానికి. సూర్యారావుగారి తప్పేం లేదు, ఆయన ముక్కుని నేను పిలవనే లేదు.

మధ్యాహ్నం 2

తాటిబెల్లం పానకం కలిపి, యాలకులు దంచి వేసి, వైన్ గ్లాసులో పావు వరకు పోశాను. అత్తయ్యగారికిచ్చి, తాగొద్దండీ, వాసన చూడండి చాలు అన్నాను. ముక్కు పెట్టారు. తీయలేదు. కాసేపటికి, కొత్తపేటలో మా పుట్టింటి పందిట్లో కూచున్నట్టుందే అన్నారు. మూతి పెట్టి తాగమంటే మాత్రం ససేమిరా అన్నారు. ఈ గ్లాసు మీ ఒక్కరిదే, ఇంకెవరూ తాగరు అన్నాను. ఆవిడ లేచి, కుట్టుపెట్టెలోంచి ఆకుపచ్చ దారం తెచ్చి కాడకి ముడేసి, గుర్తుండాలి కదా అని, అప్పుడు తాగారు. గ్లాసు కింద పెట్టి, వాసనొకటే కాదే, రుచి కూడా వేరేగా ఉంది అన్నారు. తర్వాత అయ్యప్ప గ్లాసుకి నీలం కట్టారు, నా గ్లాసుకి ఎరుపు.

జూన్ 12

సూర్యారావుగారి దగ్గరికి మళ్లీ వెళ్లాను. నారింజరంగు దారం కట్టిన గ్లాసు ముందు పెట్టి, ఇది మీ ఒక్కరిదేనండి, ఇంకొకరి మూతి తగలదండి అన్నాను. ఇకమీదట తగలదు, అంతవరకు నిజమే. దోహాలో ఎన్ని మూతులు తగిలాయో ఈ డైరీకి తప్ప ఎవరికీ చెప్పను.

ఒకే సీసాలోంచి ఆ గ్లాసులోనూ జ్యూస్ గ్లాసులోనూ రెడ్ వైన్ పోసి, ముందు ముక్కు పెట్టించాను. మీసంతో సహా లోపలికి వెళ్లింది. నేరేడుపళ్లండి అన్నారు. మళ్లీ పెట్టి, వానకి తడిసిన కొబ్బరి పీచు డొక్కలండి అన్నారు. జ్యూస్ గ్లాసు దగ్గర పెట్టుకుని, ఇందులో ఏం రాట్లేదేంటి అన్నారు. ఆ తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని, మందు తాగే చంటిపిల్లాడిలా, అంచుకి పెదవి ఆనించారు. మింగాక, ఇది వేరే సీసా కదమ్మా అన్నారు. అదే సీసా అంటే నమ్మలేదు. ఆయనే రెండింట్లోనూ పోసుకుని మళ్లీ తాగారు. వాళ్లావిడ పార్వతిగారిని కేకేసి వాసన చూపించారు. ఆవిడ జామపండు అన్నారు, నేరేడే అని ఈయన, కాసేపు ఇద్దరికీ తగువు. గ్లాసులు నాలుగు డజన్లు ఆర్డరు పెట్టేయమన్నారు. రంగురంగుల దారాలు కూడా కొనమన్నారు. ఆయ్, సోమవారం నుంచి వచ్చేయండమ్మా అన్నారు.

సాయంత్రం 6

రేవుకి పరిగెత్తాను. అయ్యప్ప జనాన్ని అవతలి ఒడ్డుకి చేర్చే పంటు మీద టిక్కెట్లు చింపుతాడు. పంటు అప్పటికి నరసాపురం వైపు ఉంది. అది గోదారి దాటి ఇటు వచ్చేదాకా గట్టు మీద నిలబడి పిచ్చిదానిలా చేతులూపాను. దిగనివ్వకుండానే చెప్పేశాను. అయ్యప్ప ఎక్కేవాళ్లలో ఒకాయన దగ్గర రెండుసార్లు టిక్కెట్టు డబ్బులడిగి తిట్లు తిన్నాడు. నేనూ ఎక్కి, అతనితో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను. నా జన్మలో ఇంత సంతోషం ఎరగను.

జూన్ 24

నా ఫ్లైట్ ఎగిరే టైముకి అన్నాలు తింటున్నాం. అయ్యప్ప మజ్జిగ తాగాడు. నా ఎర్రదారం గ్లాసులో. మూతి పెట్టి.