నూలు కవచం

మస్తానన్నా,

నువ్వు కుట్టిన కోటు నిన్న దుబాయ్‌లో ఫ్యాషన్ షోకి వెళ్లింది. పూర్వం కొరియా సైనికులు తూటాలు ఆపడానికి నూలుబట్టను పొరల మీద పొరలుగా కుట్టి తొడుక్కునేవారట. అదే తరహా కోటు కావాలని కొరియా నుంచి వచ్చిన డిజైనర్ మేడం బొమ్మలు గీసి తెచ్చింది. వాటిని చూసి, "తూటాకు సావకపోయినా ఉక్కకు సస్తార్రా!" అని నవ్వావు.

ఆ వారమే మన షార్జా వర్క్‌షాపులో ఏసీ చెడిపోయింది. జూలై ఎండలో "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ మేనేజరు మనల్ని లేవనివ్వలేదు. ఆ కోటు ఒళ్లో ఉండగానే నువ్వు మిషన్ మీదికి ఒరిగిపోయావు. మిగిలిన కుట్టు నేనే పూర్తి చేశాను.

కోటు తొడిగి సరిచేయడానికి మేనేజరు నన్నూ షోకి తీసుకెళ్లాడు. షో అయ్యాక మేడం నీ గురించి అడిగింది. సెలవు మీద ఊరికెళ్లావని మేనేజరు చెప్పాడు. నా నోరు ఆగలేదు.

"నో లీవ్, మేడం. డెడ్. టూ మచ్ హాట్," అన్నాను.

ఆమె చేతిలోని పూలగుత్తి పక్కన పెట్టేసింది.

పొద్దున్నే మేనేజరు పిలిచి, "నీ వీసా ఖలాస్. సామాను సర్దుకో," అన్నాడు. సర్దుకున్నాను.

నీకు గుండె ఆగిందని మాత్రమే వదినకు చెప్పారు. ఎందుకు ఆగిందో నెల్లూరు వెళ్లి నేను చెబుతాను.

నీ తమ్ముడు,
ఖాదర్