కుముదినీ మౌసీ అనుమతి మేరకు

అక్టోబర్ 3

డాక్టర్ మహంతి గారు డైరీ రాయమన్నారు. రాయవచ్చునా అని అడిగాను. ఆయన కలం కింద పెట్టి నా వైపు చూశారు. రాయమన్నది నేనే కదమ్మా అన్నారు. అందుచేత ప్రారంభించడమైనది.

పూర్వరంగం. పేరు తిలో. ఆరో ఏటి నుంచి పద్దెనిమిది నిండేవరకు అనాథ బాలికల హోమ్‌లో పెరిగాను. ఆ తరువాత కాలేజీ హాస్టల్. ఆ తరువాత యూనివర్సిటీ హాస్టల్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఏ. వార్డెన్ అనే అధికారి లేని నెల నా జీవితంలో పోయిన నెలే మొదటిది. కటక్‌లో కాంట్రాక్టు ఉద్యోగం దొరికి, ఒక ఇంటి పైభాగంలో గది అద్దెకు తీసుకున్నాను. రెండు వారాలు ఇంటివాళ్ల స్నానాలయ్యాక, ఇక కానివ్వమ్మా అంటే వెళ్లేదాన్ని. మూడో ఆదివారం వాళ్లు ఊరికి వెళ్లారు. నేను బకెట్టు పట్టుకుని బాత్రూము ముందు మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. లోపల ఎవరూ లేరు. వెళ్లమనేవాళ్లూ లేరు.

ఆఫీసులో చెబితే నవ్వారు. ఒకావిడ నవ్వకుండా మానసిక వైద్యులు మహంతి గారి నంబరు ఇచ్చింది.

అక్టోబర్ 5

ఇంటి యజమానురాలు కుముదినీ మౌసీ, అంటే పిన్ని వరస. ఉదయం ఆమె పోపు వేస్తుండగా, మౌసీ, స్నానానికి వెళ్లనా అని విన్నవించుకున్నాను. ఏం, నీళ్లు రావట్లేదా అంది. వస్తున్నాయన్నాను. మరింకేం, వెళ్లు అంది.

సాయంత్రం సబ్బు కొనడానికి వీధి చివరి దాకా వెళ్లనా అని అడిగాను. ఈసారి గరిటెతో సహా బయటికి వచ్చింది. ఏమే తిలో, నేనేమన్నా నీ అత్తగారినా అంది. వెళ్లమన్నట్టా, వద్దన్నట్టా తేలలేదు. సబ్బు కొనలేదు.

అక్టోబర్ 9

పరిస్థితిలో గణనీయమైన మార్పు. మౌసీ భర్త నీలమణి మౌసా చెప్పకుండా పేకాటకు వెళ్లారు. కొడుకు టుకు చెప్పకుండా బైకు తీసుకుని పోయాడు. ఇద్దరూ తిరిగి వచ్చాక మౌసీ ఇద్దరినీ వరండాలో నిలబెట్టింది. ముప్ఫయ్యేళ్లుగా ఈ ఇంట్లో వండి పోస్తున్నాను, వెళ్తున్నానని ఒక్కడూ చెప్పి చావడు, ఇదిగో ఈ పిల్లని చూడండి, స్నానానికి కూడా నన్నడిగి వెళ్తుంది అంది.

నన్ను చూపించడానికి మెట్ల మీది నుంచి కిందికి పిలిచింది. దిగి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను. హోమ్‌కి దాతలు వచ్చినప్పుడు ఈ పని నేను బాగా చేసేదాన్ని.

అక్టోబర్ 10

స్నానానికి అడిగాను. మౌసీ గడియారం చూసింది. పది నిమిషాలాగి వెళ్లు అంది. బాత్రూము ఖాళీగానే ఉంది. ఆగాను. ఇద్దరికీ బాగుంది.

అక్టోబర్ 18

కార్తీకం. ఇక్కడ నెల పున్నమి మర్నాడు మొదలవుతుంది. ఈ ఇంట్లో చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి నెలపాటు నిషేధం. నా వంట నా గదిలోనే, నా స్టవ్వు మీదే. అయినా ఒక గుడ్డు ఉడకబెట్టుకోనా అని అడిగాను. మౌసీ రెండు చెవులూ మూసుకుంది. అద్దె ఒప్పందంలో కార్తీకం ప్రస్తావన లేదు. తిరస్కరణను శిరసావహించాను.

అక్టోబర్ 21

హోమ్‌లో నాతో పెరిగిన ఝిలి ఫోన్ చేసింది. దానికి పెళ్లై ఏడాది. ఇప్పటికీ దిండు కింద రొట్టె దాచుకుంటుందట. వాళ్లాయన చీమల మందు కొంటున్నాడు గానీ, ఎందుకని అడగడట. మంచివాడు.

అక్టోబర్ 26

మౌసా నా గది గుమ్మం దగ్గరికి వచ్చి దగ్గారు. అమ్మా తిలో, నువ్వడిగితే కాదనదు, ఈ శనివారం పేకాటకి నా తరఫున ఒక్క మాట వెయ్యి తల్లీ అన్నారు.

అర్జీదారు పోయిన వారం ఎనిమిదిన్నరకే తిరిగి వచ్చారనీ, ప్రవర్తన సంతృప్తికరమనీ మౌసీకి నివేదించాను. తొమ్మిది గంటల వరకు మంజూరైంది. సాయంత్రం బైకు విషయమై టుకు కూడా నన్ను కలిశాడు. ఆఫీసులో కంటే ఇంట్లో పని ఎక్కువైంది. సంతోషంగా ఉంది.

నవంబర్ 4

రూర్కెలా బ్రాంచిలో పర్మనెంట్ పోస్టు నాకు వచ్చింది. డిసెంబర్ రెండున చేరాలి. చేరకపోతే జాబితాలో తరువాతి మనిషికి పోతుంది. ఇక్కడి కాంట్రాక్టు ఈ ఏడాదితో సరి.

ఇంట్లో అడిగి చెబుతానని మేనేజర్ గారితో అన్నాను. నా దరఖాస్తులో కుటుంబం అన్న చోట గీత ఉంటుంది. ఆయనకది తెలుసు. అడుగమ్మా, తప్పకుండా అడుగు అన్నారు.

నవంబర్ 5

అడిగాను.

రూర్కెలానా, ఆ ఎండలకి మాడిపోతావు అంది మౌసీ. చలికాలంలో ఎండేమిటే అన్నారు మౌసా. మిమ్మల్నెవరన్నా అడిగారా అంది. తరువాత నా వైపు తిరిగి, వద్దు తిలో, అక్కడ నిన్ను చూసేదెవరు, ఇక్కడే ఇంకోటి దొరక్కపోదు, అంతే అంది.

సరే మౌసీ అన్నాను.

రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

నవంబర్ 6

అనుమతి లభించలేదని మేనేజర్ గారికి తెలియజేశాను. ఎవరు కాదన్నారని అడిగారు. ఇంటి ఓనరు అన్నాను. ఆయన కళ్లద్దాలు తీశారు. అద్దె ఏమన్నా బాకీ పడ్డావా అన్నారు. లేదన్నాను. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, ఇరవయ్యో తేదీ దాకా ఈ మాట నేను వినలేదనుకుంటాను అన్నారు.

నవంబర్ 9

నిద్రపట్టిన సంగతి డాక్టర్ గారికి గర్వంగా చెప్పాను. ఆయన సంతోషించలేదు. ఉద్యోగం కావాలా అన్నారు. మౌసీ వద్దందన్నాను. మౌసీని అడగలేదమ్మా, నిన్నడిగాను అన్నారు.

ఈ ప్రశ్న ఇదివరకు నన్నెవరూ అడగలేదు. హోమ్‌లో గౌన్లు పెట్టెల్లో వచ్చేవి. ఏది వస్తే అది మన సైజు. చాలాసేపు ఏడ్చాను. ఆ తరువాత, చెప్పవచ్చునా అని అడిగి, కావాలి అని చెప్పాను.

వారానికి ఒక్క పని ఎవర్నీ అడక్కుండా చెయ్యమన్నారు. చిన్నదైనా సరేనట.

నవంబర్ 12

ఆఫీసు అయ్యాక రోడ్డు పక్కన బండి మీద దహీబరా, అంటే పెరుగువడ, తిన్నాను. ఎవర్నీ అడగలేదు. మొదటి ప్లేటు రుచి తెలియలేదు. వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారని చూస్తూనే ఉన్నాను. ఎవరూ పిలవలేదు. రెండో ప్లేటు బాగుంది.

ఇంటికి రాగానే మౌసీ ముందు ఒప్పేసుకున్నాను. దాని మీద ఉల్లిపాయ చల్లాడా అంది. చల్లాడన్నాను. కార్తీకం చివరి అయిదు రోజుల్లో ఉల్లిపాయా అని, వచ్చిన దారినే వంటింట్లోకి వెళ్లిపోయింది. మాటలు బంద్.

మౌసా మెట్ల దగ్గర ఆపి, ఏ బండి దగ్గర తిన్నావమ్మా అని గొంతు తగ్గించి అడిగారు.

నవంబర్ 16

ఛాడఖాయి, అంటే నీచు మళ్లీ మొదలుపెట్టే రోజు. కార్తీకం నిన్నటితో సరి. ఊరంతా మాంసం దుకాణాల ముందే ఉంది. మౌసా అనుమతి తీసుకునే వెళ్లి మటన్ తెచ్చారు. నాకూ పళ్లెం పెట్టారు. మౌసీ ముఖం ప్రసన్నంగా ఉన్న సమయం చూసి, ఈసారి మౌసాయే నా తరఫున సిఫారసు చేశారు. పిల్లకి మంచి ఉద్యోగం కుముదీ, వెళ్లనీ అన్నారు.

మటన్ పెట్టాను కదా, ఇంకా ఏం కావాలంట అంది మౌసీ.

తరువాత ఇద్దరం పళ్లేలు కడుగుతుండగా, నా వైపు చూడకుండా, నువ్వు వెళ్లిపోతే నన్ను అడిగేదెవరే అంది.

పళ్లెం రెండుసార్లు కడిగాను.

నవంబర్ 19

పరిపాలనలో అనుమతి వేరు, సమాచారం వేరు. ఈ విషయం మీద యూనివర్సిటీలో నాకు మంచి మార్కులే వచ్చాయి.

మౌసీ బియ్యం ఏరుతోంది. వెళ్లనా అన్న మాట నాలుక దాకా వచ్చింది. మింగేశాను. మౌసీ, రూర్కెలా వెళ్తున్నాను, ఇరవై తొమ్మిదిన రైలు అన్నాను.

ఎవర్నడిగి అంది.

ఎవర్నీ అడగలేదన్నాను. గోడ పట్టుకున్నాను. గోడ ఏమీ అనలేదు.

మౌసీ లేచి గిన్నెలన్నీ తోమడం మొదలుపెట్టింది, తోమినవి కూడా. ఆ చప్పుడుకు మౌసా వచ్చి విషయం తెలుసుకుని, మరి శనివారం నా సంగతేమిటమ్మా అన్నారు. మీరూ సమాచారం ఇచ్చి చూడండి అన్నాను. అంత ధైర్యం నాకెక్కడిది తల్లీ అన్నారు.

మేనేజర్ గారికి ఫోన్ చేసి చేరుతున్నానని చెప్పాను. ఇంట్లో ఏమన్నారని ఆయన అడగలేదు.

నవంబర్ 29

రైల్లో రాస్తున్నాను. అక్షరాలు కదులుతున్నాయి.

ఆటో వచ్చేదాకా మౌసీ కనిపించలేదు. మౌసా పెట్టె ఎక్కించారు. సరిగ్గా అప్పుడు మౌసీ జుట్టు ముడి వేసుకుంటూ గేటు దాకా వచ్చి, వీధి మొత్తానికి వినపడేలా, సరే తిలో, వెళ్లు, నేనే వెళ్లమంటున్నాను అంది.

ఆఫీసు భాషలో దీన్ని జరిగిన పనికి తరువాత ఆమోదం అంటారు. చాలా సౌకర్యమైన పద్ధతి. సరే మౌసీ అంటే చాలు. దారి పొడుగునా హాయిగా నిద్రపోయేదాన్ని.

అక్కర్లేదు మౌసీ, నేనే వెళ్తున్నాను అన్నాను.

ఆమె ముఖం చూడలేక పెట్టె తాళం చూశాను. మళ్లీ రావడానికన్నా నన్నడుగుతావా అంది. ఆలోచించాను. అడగను, చెప్పి వస్తాను అన్నాను. మౌసీ నా చెవి పట్టుకుని గట్టిగా మెలిపెట్టింది. తరువాత వదలడం మరిచిపోయింది. ఆటో అతను హారన్ కొట్టాడు.

భద్రక్ దాటింది. నిద్ర రావడం లేదు.

డిసెంబర్ 1, రూర్కెలా, ఉదయం

టీ తాగడానికి బయటికి వెళ్లాలని అర్జీ పెట్టుకున్నాను. మంజూరు చేయవలసిన అధికారిని నేనే. అధికారి ఇంకా నిద్ర లేవలేదు.

వెళ్లి వచ్చాను.