ముసురుల చూసిన ప్లాటు

తమ్మీ పండరీ, ఇక్కడ మేం మంచిగున్నం, భివండిల మీరు సుత మంచిగున్నరనుకుంట. ఫోన్ల చెప్తే మీ బావ విని నవ్వుతడని కార్డు రాస్తున్న.

మా యారాలు, మీ బావ తమ్ముని పెండ్లాం మహిత పాలకుర్తి రోడ్డుకు ప్లాటు కొన్నకాన్నుంచి నాకు కడుపుమంటనే. నిన్న ముసురుల జంపఖానాల దుకాణం బందువెట్టి, ఆమె ప్లాట్ల నీళ్లు నిలిచినయేమో చూద్దామని పోయిన. ఆమె అక్కడనే గొడుగు పట్టుకొని ఉన్నది.

"ఏందక్కా, మునిగిందేమో చూడవస్తివా?" అని నవ్వింది.

చుక్క నీళ్లు లేవు. మళ్ల ఆమెనే నన్ను వెనక వరుసకు తీస్కపోయి, "మీ పండరి తీస్కుంటనన్నది గిదే, జర చెప్పరాదు" అన్నది. నువ్వు బయానా పైసలిస్తనన్న ప్లాటు చెరువు లెక్కున్నది, హద్దు రాళ్లు సుత మునిగినయ్.

ఏజెంటు పంపిన ఎండకాలం ఫోటోలు చూసి ఆశపడకు. వానల వచ్చి చూడు, పాత కాయితాలు వకీలుకు చూపెట్టు, ప్లాటు మీద అప్పులున్నయేమో ఈసీ తీసి చూడు. అంతదనుక ఏజెంటుకు పైస ఇయ్యకు.

పిల్లకు జరం తగ్గిందా? మరదలును కషాయం కాసియ్యమను.

మహిత పక్క ప్లాటు ఎత్తుల ఉన్నది, ఇంక అమ్ముడువోలేదట. కావాల్నంటే ఆమెకు నువ్వే ఫోన్ చెయ్యి. ఆమెను అడుగుడు నాతోని కాదు.

పిల్లలకు దీవెనలు.
నీ అక్క సుకన్య, కొత్తవాడ