అయిదు కంప్యూటర్లు, ఒక ఉత్తుత్తి బాంబు

రాళ్లబయలు,
19-4-2006.

సబ్‌డివిజనల్ పోలీసు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా అయిదు కంప్యూటర్లను తిరిగి ఇప్పించుట, ఇద్దరు యువకులు ఒకచోట కూర్చొనరాదన్న షరతును రద్దుపరచుట గురించి.

రాళ్లబయలు బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటరు నడుపుకొను మల్లేశ్వరి విన్నవించుకొనునది:

1. తుపాకులతో కాల్చుకునే ఒక కంప్యూటర్ ఆట మీద విదేశాల్లో పెద్ద గొడవ జరిగింది. కొన్నిచోట్ల నిషేధించారు కూడా. తరువాత ఆ కంపెనీవారే, పలువురు కలిసి ఆడే భాగాన్ని మాత్రం ఉచితంగా విడుదల చేశారు. అది ఒక పత్రికతో పాటు సీడీలో వచ్చింది. నా సెంటరులో ఉన్నది అదే, నేను దొంగచాటుగా తెచ్చినది కాదు.

2. మా ఊళ్లో ఎగువ వీధికీ దిగువ వీధికీ పదకొండేళ్లుగా పగ ఉన్న సంగతి తమ రికార్డులలో ఉన్నదే. ఎగువ వీధి త్రినాథ్, దిగువ వీధి జయరావు నా సెంటరుకు వేర్వేరు వేళల్లో వచ్చేవారు. ఒకరోజు ఇద్దరూ ఒకేసారి తగిలారు. ఈ ఆటలో జట్లను కంప్యూటరే వేస్తుంది. దానికి మా ఊరి సంగతులు తెలియనందున ఇద్దరినీ ఒకే జట్టులో వేసింది.

"వీడితో కలిసి నేనాడను," అన్నాడు త్రినాథ్.

"అయితే లేచి పో," అన్నాడు జయరావు.

ఎవరూ లేవలేదు. పావుగంటకు త్రినాథ్, "ఒరేయ్ జయరావూ, వెనక చూసుకోరా, వెనక!" అని అరిచాడు. ఆ వీధివాడు ఈ వీధివాడిని పేరు పెట్టి పిలవడం పదకొండేళ్లలో అదే మొదలు.

3. మార్చిలో అకాల వాన పడింది. జయరావు తండ్రి పేరయ్య గారి మిరపకాయలు కళ్లంలో ఆరబోసి ఉన్నాయి. త్రినాథ్ తమ ఇంట్లోని టార్పాలిన్ పట్టా భుజాన వేసుకుని పరుగెత్తాడు. పేరయ్య గారు కర్ర ఎత్తారు. ఇంతలో వాన పెద్దదైంది. కర్ర పారేసి, "ఆ కొస పట్టుకోరా, చూస్తావేంటి!" అన్నారు. కాయలు దక్కాయి. తమరు పెట్టించే శాంతి సంఘం సమావేశాల్లో ఇటువంటిది జరిగినట్టు నాకు తెలియదు.

4. ఈ నెల 11న సాయంత్రం నాలుగింటికి త్రినాథ్ ఆటలో, "బాంబు పెట్టేశాను, పరుగెత్తండ్రా!" అని కేకవేశాడు. రోడ్డున పోయేవారెవరో ఫోను చేశారు. పోలీసులు ఏడు నిమిషాల్లో వచ్చారు. వారి చురుకుదనాన్ని మెచ్చుకొనక తప్పదు. కంప్యూటర్లన్నీ జీపెక్కించి, "విరోధ వర్గీయులు ఒకేచోట గుమిగూడి ఉన్నందున" అని రాసుకుని, ఇద్దరి చేతా ఇకమీదట కలుసుకోబోమని సంతకాలు చేయించారు. "అయ్యా, వీళ్లు ఒకే జట్టండీ," అని చెప్పాను. "అదేనమ్మా భయం," అన్నారు.

5. పదకొండేళ్ల కిందట ఏ వర్గానికీ చెందని నా భర్త వేణుగోపాల్, టీ తాగుదామని ఆగి, నాటుబాంబుకు పోయాడు. ఆనాడు పోలీసులు మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. మొదట్లో ఆ ఆటలో బాంబు మోగినప్పుడల్లా నేను బయటికి వెళ్లి నిలబడేదాన్ని. తీసేద్దామనుకున్నాను. కానీ అయ్యా, ఈ బాంబుకు చచ్చినవాళ్లు మళ్లీ లేచి కూర్చుని, "ఇంకో ఆట వేద్దాంరా," అంటున్నారు. అది చూశాక తీయబుద్ధి కాలేదు.

కావున తమరు దయతో విచారించి, నా కంప్యూటర్లను నాకును, ఆ ఇద్దరి స్నేహాన్ని వారికిని తిరిగి ఇప్పించవలసినదిగా ప్రార్థించుచున్నాను.

తమ విధేయురాలు,
మల్లేశ్వరి

తా.క.: సాక్షి సంతకాలకు పేరయ్య గారు, త్రినాథ్ తండ్రి లక్ష్మీకాంత్ గారు ఇద్దరూ వచ్చారు. ఎవరి సంతకం పైన ఉండాలన్న దగ్గర మాటామాటా పెరిగి చొక్కాలు పట్టుకోబోయారు. నేను కాగితాన్ని అడ్డంగా తిప్పి, పక్కపక్కన పెట్టించాను. అందుకే అవి నిలువుగా ఉన్నాయి. తమ గుమాస్తాగారు కాగితం నిలువుగా పెట్టి ఆ సంతకాలు చూస్తే ఒకరిది పైన పడుతుంది, వద్దని చెప్పండి సార్.