నాయన బొటనవేలు

నెల్లూరు, 16-8-94

నాయనకు నీ బిడ్డ మాబున్నీ సలాములు. ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడొద్దు.

ఆదివారం ఇక్కడ కవుల సభలో, నువ్వు చెక్క గరిటెలు చెక్కడం మీద నేను రాసిన కవిత చదివాను. వినేవాళ్లు కన్నీళ్లు పెట్టాలని, ఉలి జారి నీ బొటనవేలు తెగిపోయినట్టు రాశాను. అందరూ నిజమనుకున్నారు. అధ్యక్షులవారు దగ్గరికి పిలిచి, "ఏ చేతిదమ్మా?" అని అడిగారు. కల్పించానని చెబితే సరిపోయేది. "కుడిచేతిది సార్" అన్నాను. అప్పటినుంచి తల ఎత్తలేకపోతున్నాను.

సభకు వచ్చిన ఆత్మకూరు తెలుగు మాస్టారు శాంతికుమార్ గారు నీకు శాలువా కప్పడానికి వచ్చే ఆదివారం ఉదయగిరి వస్తున్నారు. "బిడ్డ మాట పోగూడదులే" అని నువ్వు చెయ్యి తువ్వాలులో దాచుకుంటావు. దాచొద్దు నాయనా. ఆయన ముందే కూర్చుని ఒక గరిటె చెక్కి ఇవ్వు.

అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే నా పాత దుప్పటి పంపించండి. ఇంట్లో అందరికీ సలాములు.

అబద్ధం వందమందిలో చదివినదాన్ని, అందుకే కవరు కొనకుండా కార్డు రాస్తున్నాను. పోస్టుమాన్ కొండలయ్య మామా, ఇది నాయనకు చెవిలో చెప్పొద్దు. అరుగు మీద నలుగురూ వినేలా గట్టిగా చదువు.