ముగ్గురికే తూకం

నా డైరీ: పోర్ట్‌బ్లెయిర్, మంగళవారం రాత్రి

పక్కింటి శిరీష విమానంలో కేబిన్ క్రూ. బరువు పెరిగిందని కంపెనీ డ్యూటీ ఆపేసి ఇంటికి పంపింది. నెలలోగా తగ్గకపోతే ఉద్యోగం పోతుంది.

"ఎమర్జెన్సీ డ్రిల్ మొన్ననే పాసయ్యాను అంకుల్. నడుస్తుంటే పొట్ట సీట్లకి తగిలే సీనియర్ భయ్యాని తూకమే వెయ్యలేదు," అంది.

"మరి ఎవర్ని వేశారమ్మా?"

"రెస్ట్ ఇవ్వట్లేదని కంప్లైంట్ పెట్టిన మా ముగ్గుర్నే. మీ పేపర్లో నా పేరు మాత్రం రాయకండి, ప్లీజ్."

బరువుకు హద్దు పెట్టడం కంపెనీ హక్కే అనుకుందాం. డ్రిల్ పాసైన మనిషికి ఆ హద్దెందుకు? అందరికీ ఎందుకు లేదు? చెన్నైలోని కంపెనీ మేనేజర్‌కు ఫోన్ చేసి, ఎవరి పేరూ ఎత్తకుండా ఇదే అడిగాను.

"అంతా సేఫ్టీ కోసమే సార్," అన్నాడు. పైలట్ల బరువు సంగతి అడిగితే నవ్వాడు. పెట్టేసేముందు, "మీరుండేది లంబాలైన్ ఏరియాలోనే కదా?" అన్నాడు.

నా ఇల్లెక్కడో నేను చెప్పలేదు. శిరీష అడ్రసు మాత్రం కంపెనీ దగ్గర ఉంది.